ఈసారికి మన్నించు తండ్రీ

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌ని తోటి పనివాళ్ళందరూ ‘ఇట్టే’ అని పిలిచేవాళ్ళు. ఏ బిల్డింగుకి పిలిచినా గుమ్మంలో అడుగు పెడుతూనే “ఎంతసేపండీ, ఇట్టే అయిపోతుంది” అనేవాడు. ఊరికే అనడం కాదు, చేసి చూపించేవాడు కూడా. మిగతావాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టి చీకటిపడేదాకా తల గోక్కుంటూ కూర్చునే చోట, ఇతను వాళ్ళిచ్చిన టీ చల్లారేలోపు లిఫ్టు నడిపించి చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవాడు. అందుకే మేనేజర్లకి అతనంటే ప్రాణం. తోటివాళ్ళకి మాత్రం ఒళ్ళుమంట, ఎందుకంటే అతను ఎలా నడిపిస్తాడో వాళ్ళకి తెలుసు.

ఎలాగో మీకూ చెప్పేస్తాను. పాతకాలపు లిఫ్టుకి ప్రతి అంతస్తులోనూ ఒక తలుపుంటుంది కదా, చేత్తో లాగి తెరిచేది. ఆ తలుపు మూసుకుని, లోపలి తాళం కొక్కెం గట్టిగా పట్టుకుంటేనే లిఫ్టుకి కరెంటు అందుతుంది. ఏ అంతస్తులో ఏ ఒక్క తలుపు పట్టకపోయినా లిఫ్టు ఉన్నచోటే ఆగిపోతుంది, చచ్చినా కదలదు. కదలకూడదు కూడా. లిఫ్టు ఇంకెక్కడో ఉండగా తలుపు తెరుచుకుందంటే అవతల ఉండేది చీకటి గొయ్యి. ఆ కాపలాని తప్పించాలంటే డాబా మీద మోటారు గదిలో, కరెంటు పెట్టెలో, జానెడు వైరు ముక్క ఒకటి తగిలిస్తే చాలు. తలుపులన్నీ మూసే ఉన్నాయని లిఫ్టు నమ్మేస్తుంది. లోపం ఎక్కడుందో వెతికేటప్పుడు ప్రతి మెకానిక్కూ ఆ ముక్క తగిలిస్తాడు, వెతకడం అవగానే తీసేస్తాడు.

మర్చిపోకుండా తీయడానికి ఆ పనివాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనిషికి ఒక్కటే వైరు. దానికి పొడుగ్గా ఒక తాడు తోక. పని చేస్తున్నంతసేపూ ఆ తోకని సంచీ పిడికి ముడేసి ఉంచాలి. ఇంటికెళ్ళేటప్పుడు సంచీ ఎత్తితే వైరు దానంతటదే ఊడొస్తుంది. ఇట్టేకి పని నేర్పిన పెద్దమేస్త్రీ మొదటిరోజే ఆ ముడి దగ్గరుండి వేయించి, “అన్నం తినడం మర్చిపోయినా పర్లేదురా, ఇది మర్చిపోకు” అన్నాడు.

ఇట్టే సంచీలో ఇప్పుడు వైరు ముక్కలు ఒక కట్ట ఉంటాయి. ఒక్కదానికీ తోక లేదు.

అలాగని అతనేం గుండె లేనివాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా. మొట్టమొదటిసారి ఒక బిల్డింగులో వైరు వదిలేసి ఇంటికొచ్చిన రోజు రాత్రంతా కన్ను మూయలేదు. తెల్లారీ తెల్లారకముందే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి తీసేశాడు. రెండోసారి మాత్రం భయం తట్టుకోలేక మోటారు గది గోడకి నుదురు ఆనించి, “తండ్రీ, తప్పే. నేను ఒప్పుకుంటున్నా. ఈసారికి మన్నించు, కొత్త సామాను రాగానే తీసేస్తాను” అని దేవుణ్ణి వేడుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. ఏడ్చాక ఛాతీ మీద నుంచి బండ దించినట్టు హాయిగా అనిపించింది. ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు. తెల్లారి లేచాక పరిగెత్తాలనిపించలేదు.

అదిగో, అప్పట్నుంచీ అంతే. అంతకుముందు భయం అతన్ని మెడపట్టి డాబా ఎక్కించేది. ఇప్పుడు వేడుకోగానే భయం పోతుంది, భయం పోగానే తొందరా పోతుంది. వైరు అక్కడే ఉండిపోతుంది. సామాను వచ్చినప్పుడు తీస్తాడు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఇన్నేళ్ళలో ఎక్కడా ఏమీ కాలేదు. ఏమీ కాలేదంటే దేవుడు మన్నించినట్టే కదా అని అతని లెక్క. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు కాబట్టి తప్పని చెప్పేవాళ్ళూ లేకపోయారు.

ఆ రోజు పొద్దున అతను టీ తాగుతూ ఉంటే అత్తగారు మంచం మీద కూర్చుని ఒంటికన్నుతో అతన్నే చూస్తోంది. రెండో కంటికి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. ఆవిడ కూతురి దగ్గరే ఉంటుంది. అల్లుడంటే ఆవిడకి వల్లమాలిన ప్రేమ, అతనికీ అంతే. తల్లి లేని మనిషేమో, ఆవిడని అత్తయ్యా అన్నా నోట్లో అమ్మా అన్నట్టే ఉంటుంది.

“నాన్నా, కన్ను మూసుకున్నప్పట్నుంచీ నా చెవులు బాగా పనిచేస్తున్నాయి,” అంది అత్తగారు. “నువ్వు స్నానం చేసొచ్చి దేవుడి ముందు నిలబడి ఏమంటావో అంతా వినపడుతోంది. రోజూ ఒకటే పాట. ఈసారికి, ఈసారికి. ఇంతకీ ఏ సారికయ్యా?”

“ఏదో ఒకటి ఉంటుంది కదత్తయ్యా,” అని నవ్వేశాడు. “అడిగితే మన్నిస్తాడు. నువ్వే కదా చెప్తావు?”

“మన్నిస్తాడు, ఆయనకేం. కానీ అడిగినప్పుడల్లా పొట్లం కట్టి చేతిలో పెట్టడానికి ఆయనేమన్నా మన వీధి చివర కొట్టువాడా? ఇదిగో, నీ పెళ్ళాన్ని చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు మన్నించానో. పాలు ఒలకబోస్తే మన్నించా. పక్కింటి కిటికీ అద్దం పగలగొడితే మన్నించా. ఒకరోజు చెల్లెలితో అంటోంది, ‘పద పద, అమ్మ ఏమీ అనదులే’ అని. ఆ రోజు వాయించాను చూడు!”

పక్కగదిలో దుకాణాలకి దిండు గలీబులు కుడుతున్న భార్య మిషన్ ఆపి, “వీపు ఇంకా మండుతూనే ఉందమ్మా” అని అరిచింది.

“పాలకి కాదు కొట్టింది, అద్దానికీ కాదు. ఆ ‘ఏమీ అనదులే’కి కొట్టాను,” అంది అత్తగారు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఇట్టే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వులోనే భార్య గుమ్మంలోకి వచ్చి మామూలుగా అంది. “అన్నట్టు, కట్టు విప్పించడానికి పెద్దాసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదటండీ. ఆ డాక్టరే బజారు వెనకాల కళ్ళ క్లినిక్కులో ఇవాళ కూర్చుంటాడట. మూడో అంతస్తు. మీరు మొన్న లిఫ్టు బాగుచేశారే, ఆ బిల్డింగే.”

అతని గ్లాసులో టీ తొణికి చొక్కా మీద పడింది.

మొన్న అతను బాగుచేసిందేమీ లేదు. ఆ బిల్డింగులో మూడో అంతస్తు తలుపు కొక్కెం పూర్తిగా అరిగిపోయింది. తలుపు మూసినా పట్టదు, చిన్నపిల్ల లాగినా తెరుచుకుంటుంది. తలుపు పట్టక లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంటే పిలిచారు. కొత్త తాళం తెప్పించాలి, వచ్చేదాకా లిఫ్టు ఆపేయాలి. ఆపేస్తే ముసలివాళ్ళు మెట్లెలా ఎక్కుతారని మేనేజరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఇట్టే డాబా ఎక్కి వైరు తగిలించి, గోడకి నుదురు ఆనించి, ఈసారికి మన్నించు తండ్రీ అనుకుని దిగొచ్చి, బాగైపోయిందని మేనేజరుకి చెప్పేశాడు. ముసలివాళ్ళకి మేలే చేశానని కూడా అనుకున్నాడు. కళ్ళకి కట్లు కట్టుకున్నవాళ్ళు రోజంతా ఎక్కి దిగే తలుపది.

“లిఫ్టు వద్దు, మెట్లెక్కండి,” అన్నాడు గబుక్కున.

“అమ్మ చేత మూడంతస్తులు ఎక్కిస్తారా? మీరు బాగుచేసిందేగా. ఆ మేనేజరు మొన్న బజార్లో కనబడి మిమ్మల్ని ఎంత పొగిడాడో తెలుసా? నాకు సిగ్గేసింది.”

ఆ ముఖంలో ఆ గర్వం అతను చూశాడు. చెప్పేస్తే పోయేది. “బాగుచెయ్యలేదే, మోసం చేశాను” అని ఒక్క ముక్క. అత్తగారు తిట్టేది, భార్య ఒకపూట మాట్లాడేది కాదు, అంతేగా? అంత చిన్నది చెప్పలేకపోయాడు.

“సరేలే, నేనే ముందు వెళ్ళి ఒకసారి చూసి ఉంచుతా. మీరు నింపాదిగా రండి,” అని సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

నిజంగానే తీసేయాలని బయల్దేరాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. సగం దారిలో ఫోన్ మోగింది. పక్కవీధి ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిందట, లోపల నిండు గర్భిణి ఉందట. ఇరుక్కున్నవాళ్ళని వదిలేసి వెళ్ళడం ఏ మెకానిక్కూ చెయ్యడు. పరిగెత్తాడు. మోటారు చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుని కొద్దికొద్దిగా కిందికి దించి తలుపు తీశాడు. ఆ పిల్ల చెమటలు కారుతూ బయటికొచ్చి, రెండు చేతులూ జోడించి, “దేవుడిలా వచ్చారన్నా” అంది.

అతను భార్యకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఫోన్ సంచీ అడుగున పడేసుకునే అలవాటు ఆవిడకి, వంద చేసినా వినపడదు. అప్పటికే బయల్దేరి ఉంటారు.

“లిఫ్టు నడిపించి వెళ్ళు బాబూ, మధ్యాహ్నం పెద్దవాళ్ళొస్తున్నారు,” అని ఆఫీసు మేనేజరు దారికి అడ్డం నిలబడ్డాడు. ఇక్కడా ఏదో తలుపు పట్టడం లేదు, అదేదో వెతకాలి. అంత తీరిక ఎక్కడిది? అక్కడ అత్తగారు ఒంటికన్నుతో ఆ తలుపు ముందు నిలబడి ఉంటుందేమో! మళ్ళీ పైకి పరిగెత్తాడు, సంచీలోంచి ఒక వైరు ముక్క లాగి తగిలించాడు. “తండ్రీ, ఈసారికి. నువ్వే చూస్తున్నావుగా నా అవస్థ” అని ఆ మాట కూడా మెట్లు దిగుతూనే అనేశాడు. చూశారా మనిషిని! ఒక గొయ్యి పూడ్చడానికి పోతూ దారిలో ఇంకోటి తవ్వాడు. ఆ తొందరలో అతనికి అది వింతగా కూడా అనిపించలేదు.

కళ్ళ క్లినిక్కు బిల్డింగు గుమ్మంలోకి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. లిఫ్టు కింద లేదు. పైన ఎక్కడో ఉంది. బటన్ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు నొక్కితే లిఫ్టు కిందికొచ్చేస్తుంది, పైన తలుపు లాగేవాళ్ళకి గొయ్యే మిగులుతుంది. మెట్లకేసి పరిగెత్తాడు. రెండు మెట్లు ఎక్కాడో లేదో పైనుంచి నవ్వులు వినపడ్డాయి.

అత్తగారు దిగుతోంది. కంటికి నల్లద్దాలు, ముఖం నిండా నవ్వు. ఒకపక్క భార్య, ఇంకోపక్క చెయ్యి పట్టుకుని బొద్దుగా ఉన్న క్లినిక్కు ఆయా. ఆయా ఒక్కో మెట్టు దిగుతూ అమ్మా అబ్బా అంటోంది, అంటూనే నవ్వుతోంది.

“ఏమైంది? లిఫ్టులో రాలేదేం?” అన్నాడు.

“నేనెక్కను బాబోయ్ నీ లిఫ్టు,” అంది అత్తగారు. “పైకెళ్ళేటప్పుడు దడేల్మని ఆగింది, నా ప్రాణాలు పోయాయి. దిగేటప్పుడు మెట్లమీదే వస్తానని మొండికేశా. ఈ తల్లి పుణ్యం, చెయ్యి పట్టుకుని చంటిపిల్లని దింపినట్టు దింపింది. పాపం, తనకే మోకాళ్ళ నొప్పులట.”

“నొప్పులు ఎప్పుడూ ఉండేవే పెద్దమ్మా,” అంది ఆయా. “అల్లుడుగారా? ఆయన కంగారు చూడమ్మా! కట్టు విప్పింది మీకా, ఆయనకా?”

ఇట్టే మెట్టుమీద కూలబడిపోయాడు. అత్తగారి చేతులు రెండూ పట్టుకుని ముఖానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అందరూ చూస్తున్నారని కూడా లేదు. తండ్రీ, కాపాడావు. నావాళ్ళని కాపాడావు. ఇంక జన్మలో ఈ పని చెయ్యను. అలా లోపల లోపలే మొక్కుకుంటున్నాడు. నావాళ్ళని అన్నాడు, గమనించారా? అత్తగారికి ఏమీ అర్థం కాక అతని తల నిమిరింది. “పిచ్చినాన్నా, కన్ను బాగానే వచ్చిందిరా, నువ్వు నాకు ముక్కూ చెవులతో సహా కనపడుతున్నావు” అంది.

ఆయా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “నేనింక ఎక్కలేను, లిఫ్టులోనే పోతా,” అని బటన్ నొక్కింది. లిఫ్టు మూలుగుతూ కిందికొచ్చింది.

“అమ్మా,” అన్నాడు ఇట్టే, “జాగ్రత్త. తలుపు తీసినప్పుడు లిఫ్టు ఉందో లేదో చూసుకుని ఎక్కు.”

“లేకుండా ఎలా ఎక్కుతానయ్యా?” అని ఆయా పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి వెళ్ళిపోయింది.

అతను సంచీ సర్దుకుని డాబాకి వెళ్ళే మెట్లకేసి చూశాడు. వెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి. తీసేస్తే లిఫ్టు ఆగిపోతుంది, మేనేజరు వచ్చి మీద పడతాడు, బాగుచేశానన్నావుగా అంటాడు. భార్య ఇక్కడే ఉంది, అంతా వింటుంది. అననీ! అనుకుని ఒక అడుగు వేశాడు కూడా.

“ఏవండీ, బండివాడు గొణుగుతున్నాడు, రండి,” అని భార్య గుమ్మం దగ్గర్నుంచి పిలిచింది.

“అన్నం తిని వద్దువుగాని నాన్నా, నా కంటితో నీకు వడ్డించాలని ఉంది,” అంది అత్తగారు.

అంతే, ఆ అడుగు వెనక్కి పడింది. భయం లేదిప్పుడు. ఇందాక ఏడ్చిన ఏడుపుతో మొత్తం కడుక్కుపోయింది. ఇంత దయ చూపించినవాడు, ముసలామెకి లిఫ్టంటే భయం పుట్టించి మరీ కాపాడినవాడు, ఇంకో పూట ఆగలేడా? తిని వచ్చి తీసేద్దాం. ఇట్టే అయిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇల్లు ఇల్లంతా సంబరంగా ఉంది. అత్తగారు గరిట పట్టుకుని గోడలూ మూలలూ చూస్తూ, “ఇదేమిటే, ఇల్లు ఇంత మురిగ్గా ఉందా? ఇన్నాళ్ళూ నాకు తెలియనివ్వలేదు!” అని కూతుర్ని దులిపేసింది. ఇట్టే మారు అడిగి మరీ తిన్నాడు. తిన్నాక కాస్త నడుం వాల్చాడు. కాస్తే అనుకున్నాడు.

ఫోన్ మోగితే లేచాడు. క్లినిక్కు మేనేజరు. మాటలు కూడదీసుకోలేకపోతున్నాడు. “మెకానిక్ గారూ, వెంటనే రండి. మూడో అంతస్తు నుంచి… తలుపు తీస్తే… పడిపోయిందండీ, మనిషి పడిపోయింది!”

ఇట్టే తల తిప్పి చూశాడు. భార్య మిషన్ ముందు ఉంది. అత్తగారు మంచం మీద నల్లద్దాలతో కునుకు తీస్తోంది. “హమ్మయ్య” అనేశాడు, పైకే.

“ఏంటండీ హమ్మయ్య?” అంది భార్య.

“ఏం లేదు. లిఫ్టు దగ్గర ఏదో గొడవట,” అని సంచీ అందుకున్నాడు.

ఎంత తొందరగా వెళ్ళాడో చెప్పలేను. బిల్డింగు ముందు జనం మూగి ఉన్నారు. అతను అటు పోలేదు. వెనకవైపు ఇనప మెట్లున్నాయి, అవి పట్టుకుని తిన్నగా డాబా ఎక్కాడు. మోటారు గది తలుపు తీశాడు, కరెంటు పెట్టె తెరిచాడు, వైరు పట్టుకుని లాగాడు. రెండు వేళ్ళతో ఊడొచ్చింది. ఇన్నాళ్ళూ తీరికలేని పని అదే. దాన్ని సంచీలో కట్టలో దోపాడు, వేలిముద్రలుంటాయేమోనని పెట్టెని గుడ్డతో తుడిచాడు. పక్కవీధి ఆఫీసుది గుర్తొచ్చింది, దాన్నీ తీసేయాలి, రేపు చూద్దాం అనుకున్నాడు. వెనక మెట్లమీంచే దిగి, వీధి చుట్టి, అప్పుడే వస్తున్నవాడిలా రొప్పుతూ ముందు గుమ్మంలోకి వచ్చాడు.

అప్పటికే మనిషిని గొయ్యిలోంచి పైకి తీశారు. ఒక దుప్పటి కప్పారు. క్లినిక్కు డాక్టరు పక్కన నిలబడి చెయ్యడానికేం లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. వాచ్‌మన్ గోడవారన కూర్చుని ఏడుస్తున్నాడు.

“ఎవరు?” అన్నాడు ఇట్టే.

“మన ఆయానే సార్,” అన్నాడు వాచ్‌మన్. “కట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన్ని కిందికి దింపుదామని తీసుకొచ్చింది. తలుపు లాగింది. ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన్నే చూస్తూ, రండి రండి అంటూ వెనక్కి అడుగేసింది సార్. వెనకాల లిఫ్టు లేదు. పడుతూ పడుతూ ఆయన చెయ్యి వదిలేసింది. వదలకపోతే ఆయనా పోయేవాడే.”

ఆ పెద్దాయన్ని కిందికి తెచ్చి బల్లమీద కూర్చోబెట్టారు. రెండు కళ్ళకీ కట్లు. ఒక చెయ్యి ముందుకి చాపి గాల్లో వెతుకుతున్నాడు. “ఆ అమ్మాయి ఏదయ్యా? ఇప్పుడే చెయ్యి పట్టుకుంది. ఏదీ?” అని వచ్చేపోయేవాళ్ళందర్నీ అడుగుతున్నాడు.

“మీరే చెప్పండి మెకానిక్ గారూ,” అని మేనేజరు అతని భుజం పట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. “లిఫ్టు లేకుండా తలుపెలా తెరుచుకుంది?”

అందరూ అతనివైపే చూశారు. డాక్టరు, వాచ్‌మన్, వీధిలో జనం. దేవుడు మనిషికి ఆఖరి అవకాశం ఇస్తే ఇలాగే ఇస్తాడేమో, ఇంత తిన్నగా, ఇంతమంది ముందు, ఇంత సులువైన ప్రశ్నతో. నాదే తప్పండీ అంటే చాలు. పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు, జైల్లో వేసేవాళ్ళు, అయినా మనిషిగా మిగిలేవాడు. ఆ మాట నిజంగానే గొంతుదాకా వచ్చింది. పెద్దాయన చెయ్యి గాల్లో అలా ఆడుతుంటే చూస్తూ నోరు తెరిచాడు.

“కొక్కెం పట్టే ఉందండీ, నేను మొన్ననే చూశా,” అన్నాడు. “ఆవిడే గట్టిగా గుంజి ఉంటుంది. తొందరపడి ఉంటుంది.”

మేనేజరు ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. “అదేనండీ, నేనూ అదే అనుకున్నా. ఆవిడకి ఎప్పుడూ తొందరే!”

“తొందరా?” అన్నాడు వాచ్‌మన్ తలెత్తి. “మోకాళ్ళ నొప్పులతో నడవలేని మనిషి సార్!” అతని మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి నడుస్తూ ఒక సందులో ఎవరూ లేని చోట ఆగాడు ఇట్టే. అలవాటు ప్రకారం గోడకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తండ్రీ, తప్పే, ఈసారికి మన్నించు. మాటలు చకచకా వచ్చేశాయి. కన్నీళ్ళ కోసం ఆగాడు. రాలేదు. మళ్ళీ అన్నాడు, మొదట్నుంచీ, నెమ్మదిగా. ఛాతీ తేలికవుతుందేమోనని చూశాడు. తేలికవడానికి అక్కడ బరువంటూ ఉంటే కదా? ఆయా నవ్వు గుర్తు తెచ్చుకున్నాడు, ఆ దుప్పటి గుర్తు తెచ్చుకున్నాడు, తనని తాను గిల్లుకున్నట్టు బలవంతాన. లోపల ఏదీ కదల్లేదు. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు, ఏదో ఒకటి చెయ్యి తండ్రీ అనుకున్నాడు. తన గొంతే తనకి వినపడింది, ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టు.

ఇంట్లో అత్తగారు మెలకువగా ఉంది. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, రెండు కళ్ళతోనూ గుమ్మంకేసి చూస్తోంది.

“ఏమైందటరా నాన్నా, ఎవరికన్నా దెబ్బ తగిలిందా?”

“ఎవరో పనిమనిషట అత్తయ్యా. నాకు తెలీదు.”

“అయ్యో పాపం, ఏ తల్లి కన్నబిడ్డో,” అంది. “ఇవాళ నన్ను దింపిన ఆ పిల్ల పేరు కూడా అడగలేదు చూడు. నేను కుదురుగా దిగానంటే ఆమె చలవే. రేపు చుక్కలమందు వేయించుకోడానికి వెళ్తాంగా, మోకాళ్ళకి రాసుకునే నూనె ఒక సీసా పట్టుకెళ్ళి ఇస్తాను. ఆమెకో మొగుడున్నాడో లేడో, పిల్లలెంతమందో.” చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. “తండ్రీ, ఆ పిల్లని చల్లగా చూడు. ఆమెకి ఏ కీడూ రానీకు.”

ఇట్టే సంచీ దించి మూలన పెట్టాడు.

“నువ్వూ అడగవయ్యా,” అంది ఆవిడ కళ్ళు మూసుకునే. “నీ అత్తని క్షేమంగా చేర్చింది. ఆమె కోసం ఒక్క మాట అడుగు. నువ్వు అడిగితే ఇస్తాడుగా.”

అతను ఆవిడ పక్కన కూర్చున్నాడు. చేతులు జోడించాడు. “తండ్రీ, ఆమెని చల్లగా చూడు,” అన్నాడు. గొంతు కొంచెం కూడా వణకలేదు. ఎంత బాగా అడిగావు నాన్నా అన్నట్టు అత్తగారు అతని చేతిమీద తట్టింది.

అప్పుడు భయం వేసింది అతనికి, తన గొంతు విని. చాలాకాలం తర్వాత వచ్చిన అసలు భయం. దాన్ని గట్టిగా పట్టుకోవాలని చూశాడు, పోనీకూడదనుకున్నాడు. అదీ నిలవలేదు. కాసేపటికి ఆకలేసింది. లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, తినడానికి ఏమైనా ఉందా అని భార్యని అడిగాడు.